కదలని ముల్లుకు జేజేలు!

పనిచేసే మీటరంత పగవాడు మనిషికి ఇంకొకడు లేడు! కాదనేవాళ్లు ఒక్కసారి బరువు తూచే మిషనెక్కి దిగి, అప్పుడు నాతో వాదనకు రండి.

మా ఆయన బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. బాయిలరంటే గదంత ఇనప డ్రమ్ము. కింద బొగ్గు మంట, లోపల నీళ్లు. పుట్టిన ఆవిరి బయటికి దారి దొరికేదాకా అన్నివైపులా తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి ముందువైపు గోడగడియారంలా ఒక ప్రెషర్ గేజ్ ఉంటుంది. ముల్లు పచ్చరంగులో ఉంటే క్షేమం. ఎర్రరంగులోకి పోతే పరుగే!

ఆ ముల్లు ఈమధ్య పచ్చరంగులో ఇరుక్కుపోయింది. ఎంత అదృష్టం చూడండి!

అంతకుముందు అది ఎరుపు వైపు కదిలినప్పుడల్లా మా ఆయన మేనేజర్ గారి గదికి పరిగెత్తేవారు. పాపం, మేనేజర్ గారి టీ చల్లారిపోయేది. ఇప్పుడా బెడద లేదు. కొత్త గేజ్ కొనమని మా ఆయన నెత్తీనోరూ బాదుకుంటే, మేనేజర్ గారు స్వయంగా వచ్చి చూశారట.

"పచ్చలోనే ఉంది కదయ్యా! బాగున్నదాన్ని బాగుచెయ్యమంటావేంటి?"

దాని అసలు ఘనత మొన్న బయటపడింది. లోపల పేరుకున్న సున్నపు పొర గీకడానికి మంట ఆర్పేసి, నీళ్లన్నీ వదిలేశారు. బాయిలర్ చల్లగా, ఖాళీగా ఉంది. ముల్లు మాత్రం అదే పచ్చలో! నిప్పు లేదు, నీళ్లు లేవు, ఆవిరి మాత్రం పుష్కలం! ఏ ఇంజినీరింగ్ కాలేజీలో నేర్పారండీ ఈ విద్య?

మా ఆయన మేనేజర్ గారిని బతిమాలి తీసుకొచ్చి చూపించారు. "ఇప్పుడైనా నమ్ముతారా సార్?"

"నమ్మకేం? బాయిలర్‌కి సెలవిచ్చినా అది డ్యూటీ చేస్తోంది. దాన్ని చూసి నేర్చుకో!" అన్నారట మేనేజర్ గారు.

నన్నడిగితే మీటర్లన్నీ ఇలాగే ఇరుక్కోవాలి. థర్మామీటర్ నార్మల్ దగ్గర ఆగిపోతే ఇక జ్వరాలెక్కడివి? పెట్రోలు ముల్లు ఫుల్ మీద బిగుసుకుంటే బంకులతో పనేముంది? బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందంటారా? అది బండి తప్పు. ముల్లు మాట వినకపోతే మరేమవుతుంది!

సేఫ్టీ వాల్వ్ ఉంటుందిగా, అంటారు మీలో తెలివైనవాళ్లు. ఉంది. ఆవిరి మరీ ఎక్కువైతే అదే తెరుచుకుని వదిలేస్తుంది. కాకపోతే అది బుస్సుమన్నప్పుడల్లా మేనేజర్ గారికి ఫోన్‌లో మాటలు వినపడటం లేదని దాన్ని గట్టిగా బిగించేయించారు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఎంత ప్రశాంతంగా ఉందో!

కరువైందల్లా మా ఇంట్లో ప్రశాంతతే. కుక్కర్ కూత వేస్తే చాలు, స్నానం చేస్తున్న మా ఆయన తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చి, మా అత్తగారిని రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కెళ్తున్నారు.

"ఒరేయ్, కూరగాయలు ఉడుకుతున్నాయిరా! నన్ను వదలరా!" అని ఆవిడ కేకలు. వీధి వీధంతా నవ్వు.

నాకు మాత్రం నవ్వు రాదు.

"మానెయ్యండి ఆ ఉద్యోగం" అన్నాను ఒకరోజు.

"నేను మానేస్తే ఆ ముల్లును నమ్మేవాణ్ణి తెచ్చి అక్కడ నిలబెడతారే. చుట్టూ అంతమంది పనిచేస్తున్నారు" అన్నారు. రోజూ ఆ ఇనప డ్రమ్ము దగ్గర చెవి పెట్టి, చప్పుడును బట్టి బొగ్గు వేస్తున్నారు. దాచుకోవడమెందుకు, నాకు భయంగా ఉంది.

అందుకే మేనేజర్ గారికి ఈ పత్రిక ద్వారా ఒక చిన్న విన్నపం. కొత్త గేజ్ అడగను, అది దండగ ఖర్చని మీరే తేల్చేశారు. అలాంటి ముల్లే మా గుమ్మంలో కూడా ఒకటి బిగించండి సార్. సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చినా, రాకపోయినా, వచ్చేశారనే చూపిస్తూ ఉంటుంది.