లండన్ గట్టిమేళం

మాణిక్యాలరావు ఆ ఉదయం వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. మరదలు శివపార్వతి పెళ్ళి పెనమలూరులో. మూడు రోజులు భవానీపురంలో ఇంటికి తాళం. పైగా మే నెల. బెజవాడ ఎండలో తాళం వేసిన డాబా ఇల్లు కుంపటితో సమానం. అందులో తన ఎల్పీ రికార్డులు వదిలి వెళితే తిరిగొచ్చేసరికి వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉంటాయి. అందుచేత అవి కూడా పెళ్ళికి రావాలి. కాకపోతే భార్య సుబ్బరత్నానికీ, ముఖ్యంగా మామగారు రత్తయ్యకూ తెలియకుండా రావాలి.

ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్ముకునే మనిషికి లండన్ రాక్ బృందంతో ఏం పని అని మాత్రం అడక్కండి. అడిగితే సాయంత్రం దాకా చెబుతాడు. కాపర్ థండర్ అనే ఆ బృందం విడుదల చేసిన ప్రతి ఎల్పీ అతని దగ్గరుంది. ఒకటి మద్రాసులో పాతసామాన్ల అంగడిలో గొంతు పోయేదాకా బేరమాడి తెచ్చింది. ఇంకొకటి విశాఖ రేవులో ఓడ దిగినవాడి కాళ్ళావేళ్ళా పడి సంపాదించింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పూర్తి సెట్టు ఇంకెవరి దగ్గరా లేదని అతని నమ్మకం. కాదనేవాడూ ఎవడూ లేడు, ఎందుకంటే ఆ బృందం పేరు విన్నవాడే లేడు.

అతని గర్వానికి ఉన్న లోటు అదే. ఇంట్లో అందరూ వాటిని తారుపెంకులనే అంటారు. ఆ పేరు పెట్టింది రత్తయ్య. ఆయన ఒక్కసారి కూర్చుని విని, "బావుంది అల్లుడూ" అంటే ఈ జన్మకది చాలనుకునేవాడు మాణిక్యాలరావు.

పెళ్ళికి మైకుసెట్టు పెడుతున్నది వీధి చివర శౌరయ్య. అతని బండిలో ఎటూ పాటల ప్లేట్ల పెట్టెలు ఉంటాయి. వాటి మధ్య ఇంకో పెట్టె ఎవరి కంట పడుతుంది?

"చల్లటి చోట పెట్టు శౌరయ్యా. మూత మాత్రం తియ్యమాక."

"మీ పెట్టె నేనెందుకు ముట్టుకుంటానండీ? దేవుడి తోడు!" అన్నాడు శౌరయ్య. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అన్నాడు.

పెళ్ళిపందిట్లో అంతా సవ్యంగా ఉంది, మేళం తప్ప. ఆ రోజు ఊరూరా ముహూర్తాలే. సన్నాయివాళ్ళు ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయిందని సైకిలు మీద కబురొచ్చింది. పెళ్ళికొడుకు మేనమామ బసవపున్నయ్య కుర్చీలోంచి లేచాడు. మగపెళ్ళివారిలో ఆయన లేస్తే మిగతావాళ్ళు కూడా లేవాలని రూలు.

"మేళం లేకుండా మావాణ్ణి పీటల మీద ఎట్టా కూర్చోబెడతారండీ? ఇదేవన్నా దొంగపెళ్ళా? గట్టిమేళం మోగకపోతే ఎవడో తుమ్ముతాడు, ఎవడో అపశకునం మాట అంటాడు. అవన్నీ పిల్లల చెవిన పడాల్నా?"

"అయ్యయ్యో, మైకుసెట్టుంది గదండీ! గట్టిమేళం ప్లేటు వేయిస్తాను. కళ్ళు మూసుకుంటే మేళగాళ్ళు పక్కనే ఉన్నట్టుంటది," అని ఆయన్ను శాంతపరిచి, రత్తయ్య చెమట తుడుచుకుంటూ పందిరి వెనక్కు వచ్చాడు. శౌరయ్య అప్పటికే ఆ ప్లేటు తీసి, శుభ్రంగా తుడిచి, నులకమంచం మీద పెట్టాడు. గండం గడిచిందన్న నిశ్చింతతో రత్తయ్య ఆ మంచం మీదే కూలబడ్డాడు.

ఠప్పుమంది.

"ఏవిట్రా అది?"

"గట్టిమేళవండీ," అన్నాడు శౌరయ్య ఏడుపు గొంతుతో.

"ఇంకోటి లేదూ?"

"అదొక్కటేనండీ."

"ఏదో ఒకటి చూడు నాయనా! ఈ సంగతి బసవపున్నయ్యగారికి తెలిసిందంటే నా కూతురి పెళ్ళి ఇక్కడితో ఆగిపోద్ది."

శౌరయ్య పెట్టెలన్నీ తిరగేశాడు. భక్తిపాటలున్నాయి, సినిమా పాటలున్నాయి, బుర్రకథ ఉంది. చివరికి దేవుడి తోడు సంగతి దేవుడికే వదిలేసి మాణిక్యాలరావు పెట్టె మూత తీశాడు. పైనున్న అట్ట మీద గుండిగలంత డోళ్ళు, వాటి వెనక కర్రలెత్తిన జుట్టుపోలిగాడు. మేళం కాకపోతే ఎవడైనా అట్ట మీద డోళ్ళ బొమ్మ ఎందుకేస్తాడు?

అప్పటికి మాణిక్యాలరావు వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుని నిలబడ్డాడు. పెద్దల్లుడి హోదాలో ఒక కొస అతని చేతిలో ఉంది. రెండో కొస బసవపున్నయ్య చేతిలో ఉంది. శౌరయ్య వెనకనుంచి వచ్చి, రహస్యం చెబుతున్నాననే నమ్మకంతో పందిట్లో సగంమందికి వినపడేలా అన్నాడు.

"పెద్దాయన కూర్చుంటే మేళం పగిలిందండీ. మీ పెట్టెలో డోళ్ళ బొమ్మ ప్లేటేస్తన్నా. ఏవీ అనుకోమాకండి!"

మాణిక్యాలరావుకు ఆ మిషను సంగతి తెలుసు. శౌరయ్య మిషను పాత ప్లేట్లకు తగ్గట్టు గిర్రున తిరిగేది. దాని సూది నాగటి కర్రు లాంటిది. అది తన ఎల్పీ మీద దిగితే దున్నేస్తుంది. పరుగెత్తి ఆపుదామంటే తెర వదలకూడదు. తెర వదిలితే పోయేది మరదలి పెళ్ళి, వదలకపోతే రికార్డు. శివపార్వతి తలెత్తి బిత్తరచూపుతో "బావగారూ..." అంది. అతను కళ్ళు మూసుకుని తెర మరింత గట్టిగా పట్టుకున్నాడు.

ఈలోగా అవతలి కొసన బసవపున్నయ్య ముఖం ఎర్రబడింది. "ఏవిటీ? మేళం పగిలిందా? ముహూర్తవేళ మేళం పగలడవేవిటి?" అని చేతిలో తెర వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, "ఆపండి! ఈ పెళ్ళి..." అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే పురోహితుడు చెయ్యి ఊపుతూ "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు.

కొబ్బరిచెట్టుకు కట్టిన మైకులోంచి కాపర్ థండర్ ఊడిపడింది. నిదానంగా తిరగాల్సిన ఎల్పీ రెట్టింపు వేగంతో తిరుగుతోంది. ఆ డోళ్ళ వాయింపుకు పందిరి రాటలు వణికాయి. వంటశాలలో మూతలు మోగాయి. బసవపున్నయ్య నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తోందే తప్ప అందులోంచి వచ్చేదేమిటో పక్కనున్నవాడికి కూడా వినపడలేదు. తెర జారింది. జీలకర్ర బెల్లం పడవలసిన నెత్తిన పడ్డాయి. చేతులెత్తి నిలబడ్డ మేనమామను చూసి ఆశీర్వదిస్తున్నాడనుకుని జనమంతా అక్షతలు చల్లారు. పాటగాడి గొంతు పిల్లికూనలా కుయ్యిమనేసరికి శౌరయ్య సూది ఎత్తేశాడు. అప్పటికి పెళ్ళి అయిపోయింది.

పురోహితుడు బసవపున్నయ్య వైపు తిరిగి, "ముహూర్తానికి ఇంత సరిగ్గా తెర వదిలిన పెద్దమనిషిని నేను చూళ్ళేదు. ఆ చేతులెత్తి దీవించడం మరీనూ!" అన్నాడు.

బసవపున్నయ్య ఎత్తిన చేతుల్ని ఒకసారి చూసుకుని మెల్లగా దించాడు. "మా వైపు అంతేనండీ," అన్నాడు బొంగురు గొంతుతో. తరవాత రత్తయ్యను పక్కకు పిలిచాడు. "ఇంతకీ ఆ మేళం ఏ ఊరిదండీ? శ్రావణంలో మా అబ్బాయి పెళ్ళుంది."

రత్తయ్య శౌరయ్య కోసం అటూ ఇటూ చూశాడు. "లండన్‌దండీ," అన్నాడు వెనకే వచ్చిన మాణిక్యాలరావు, ఇక పోయేదేముందని.

రత్తయ్య అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. అంతలోనే ఛాతీ విరుచుకుని, "మా పెద్దల్లుడు తెప్పించాడండీ. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకెవరి దగ్గరా లేదు!" అన్నాడు.

తన మాట మామగారి నోట విన్నాక మాణిక్యాలరావు శౌరయ్య మిషను దగ్గరికి వెళ్ళాడు. రికార్డు తీసి చూస్తే మొదటి పాట పొడుగునా సూది దున్నిన గాడి ఉంది. విచిత్రంగా అతనికి ఏడుపు రాలేదు. ఇటువంటి గీత ఉన్న రికార్డు లండన్‌లో కూడా ఉండదు గదా అనుకున్నాడు.

పదహార్రోజుల పండగ అయ్యాక రత్తయ్య తనంతట తానే భవానీపురం వచ్చి, "అల్లుడుగారూ, ఆ మేళం మళ్ళీ ఒకసారి పెట్టండి," అన్నాడు. సుబ్బరత్నం కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. మాణిక్యాలరావు చేతులు కడుక్కుని, గీత పడని రెండోవైపు తిప్పి, తన మిషను మీద, పెట్టవలసిన వేగంలో, చంటిపిల్లను పడుకోబెట్టినంత మెత్తగా పెట్టాడు. రత్తయ్య కళ్ళు మూసుకుని పాట చివరిదాకా విన్నాడు.

"బావుంది అల్లుడూ," అన్నాడు. "కానీ ఎంత లండన్ వాళ్ళయినా, శౌరయ్య చెయ్యి పడితేనే గాని వాళ్ళకి ఊపు రాదు."