గుర్తింపు విభాగానికి గంగక్క వచ్చిన వైనం

మానవజాతి సాధించిన వాటిలో నిప్పు, చక్రం తర్వాత చెప్పుకోవలసింది మా కర్నూలులోని 'మూర్ఛ యువత సహాయకుల గుర్తింపు విభాగం'. మూర్ఛతో బతుకుతున్న పిల్లలకు తోడు నిలిచేవాళ్లు లోకంలో ఎప్పటినుంచో ఉన్నారు. కానీ ఈ విభాగం పుట్టేదాకా వాళ్లంతా అనుమతి లేకుండానే తోడు నిలిచారన్న సంగతి మనం మరచిపోకూడదు.

విభాగమంటే ఒక బల్ల, ఒక బీరువా, సూపరింటెండెంట్ దేవేంద్రప్ప గారు, ఆయన గుమాస్తా వసంతకుమార్. అదే గదిలో రెండో బల్ల దగ్గర పెన్షనర్లకు బతికున్నట్టు ధ్రువపత్రాలు ఇస్తారు. నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఆ బల్ల ముందు మూడు రోజులుగా కూర్చున్నాను. (మొదటి రోజు నా వేలిముద్ర పడలేదు. రెండో రోజు పడింది గానీ అది నాది కాదంది యంత్రం.) అందువల్ల జరిగినదానికంతా నేనే ప్రత్యక్ష సాక్షిని.

మూడో రోజున భువన వచ్చింది. ఆలూరు పిల్ల, డిగ్రీ రెండో ఏడు. వాళ్ల హాస్టల్ వార్డెన్ మధులత మేడం కొత్త నిబంధన తెచ్చింది: మూర్ఛ ఉన్న విద్యార్థిని హాస్టల్లో ఉండాలంటే ఆమెకు గుర్తింపు పొందిన సహాయకులొకరు ఉండితీరాలి. లేకుంటే నెలాఖరుకు సీటు రద్దు. ఆలూరు నుంచి రోజూ వచ్చిపోతే డిగ్రీ బస్సులోనే పూర్తవుతుంది. భువనకు సహాయకురాలు లేక కాదు, ఉంది. హాస్టల్ వంటమనిషి గంగక్క. రెండేళ్లలో తొమ్మిదిసార్లు ఫిట్స్ వస్తే తొమ్మిదిసార్లూ పక్కనున్నది ఆమే. ఏ పూట మాత్ర ఆ పూట వేయించేదీ ఆమే. ఆ సంగతి కాగితం మీదికి రావడమొక్కటే తక్కువ.

దేవేంద్రప్ప గారు దరఖాస్తు తిరగేశారు.

"ఫోటోలు యాడమ్మా?"

నిబంధన స్పష్టంగా ఉంది. మూర్ఛకు ముందు ఒకటి, మూర్ఛ సమయంలో ఒకటి, తగ్గాక ఒకటి. మూడింటిలోనూ సహాయకురాలి ముఖం కెమెరా వైపు ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, నుదుటి మీద వెంట్రుకలు పడకూడదు.

"నేను గూడా నవ్వాల్నా సార్?" అంది భువన.

"నవ్వితే మంచిదేనమ్మా. నవ్వకపోయినా తోసిపుచ్చం." (విభాగంలో మానవత్వం లేదనేవాళ్లు ఈ మాట గమనించాలి.)

సోమవారం నాటికి నా బతుకు ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆ రోజు భువన గంగక్కనే వెంటబెట్టుకొచ్చింది. వసంతకుమార్ దరఖాస్తు ఫోటోలు తీసి సరిచూసే యాప్ పనిచేస్తోందో లేదో చూడటానికి గది మొత్తాన్ని ఒక ఫోటో తీస్తున్నాడు. గంగక్క తిన్నగా బల్ల దగ్గరికి పోయింది.

"ఏం సార్, పాప కింద పడితే నేను పాపను పట్టుకోవల్లా, ఫోను పట్టుకోవల్లా?"

"ఫోను ఇంకొకరు పట్టుకోవల్ల."

"ఇంకొకరుంటే అడ్డమున్న బిందె జరపమంటా. ఫోటో తీయమంటానా?"

ఈ ప్రశ్నకు ఫైలులో గడి లేదని దేవేంద్రప్ప గారు చెబుతుండగానే, భువన "అక్కా" అంటూ గంగక్క చెయ్యి పట్టుకుంది. మరుక్షణం ఒరిగిపోయింది. గంగక్క పడనీయకుండా నేల మీదికి దించింది.

మా కర్నూలు జనం గురించి ఒక మాట గర్వంగా చెప్పాలి. ఎవరికైనా ఫిట్స్ వస్తే మేం చూస్తూ ఊరుకోం, ఇనుము వెతుకుతాం. దేవేంద్రప్ప గారు బీరువా తాళాల గుత్తితో దూకి భువన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. అటెండరు వాసన చూపించడానికి ఉల్లిగడ్డ కోసుకొచ్చాడు. చదువుకున్నవాణ్ణి గనుక నేను నా గొడుగు ఇనుపకడ్డీ అందించాను. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ తగ్గుతుంది మరి. (పెట్టకపోయినా చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం ఇనుముకు వస్తుంది.)

"ఆ బీగాలు అవతల పెట్టండప్పా! పాపకు గాలి రానీండి!"

గంగక్క కుర్చీలను కాలితోనే వెనక్కి నెట్టింది. తన సంచిలోని తువ్వాలు మడిచి తల కింద పెట్టింది. పిల్లను మెల్లగా పక్కకు తిప్పింది. కాళ్లూ చేతులూ అదిమి పట్టలేదు, నోట్లో ఏమీ పెట్టలేదు. గోడ గడియారం చూస్తూ పక్కనే కూర్చుంది.

"ఐదు నిమిషాలు దాటితే నూటెనిమిదికి ఫోన్ చేద్దాం. అంతవరకూ అరచొద్దండి."

నాకు నిజంగా సిగ్గేసింది. గొడుగు వెనక్కి తీసుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను, ఈ నాలుగు ముక్కలు నాకూ తెలియవు, నా పిల్లలకూ చెప్పలేదు.

రెండు నిమిషాలకు వణుకు ఆగింది. ఇంకాసేపటికి భువన కళ్లు తెరిచింది.

"పాపా, నేనెవురు?"

"గంగక్క."

"ఇప్పుడు యాడుండాం?"

భువన చుట్టూ చూసింది. తెలుసుకోవడానికి కొంత సేపు పట్టింది.

"ఆఫీసులో... ఫోటో పడిందా అక్కా?"

గదిలో అందరం నవ్వాం. గంగక్క మాత్రం అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఫోటో పడింది. విధినిర్వహణలో తడబడని వసంతకుమార్ మిగతా రెండూ తీసేశాడు. విభాగం పుట్టాక మూడు ఫోటోలూ పూర్తయిన మొదటి దరఖాస్తు ఇదే. కాకపోతే గంగక్క మూడింటిలోనూ భువన వైపో, బల్ల వైపో చూస్తోంది. కెమెరాకు ఆమె కొప్పు మాత్రమే దొరికింది. ఆమెకు అవతల, కెమెరాకు ఎదురుగా, రెండింటిలో గుత్తి చేతబట్టి, మూడింటిలోనూ కళ్లు తెరిచి, నుదుటి మీద ఒక్క వెంట్రుకైనా లేకుండా (తల మీదా లేవు) దేవేంద్రప్ప గారున్నారు. యాప్ ఆకుపచ్చ టిక్కు పెట్టి సహాయకుడి పేరు ప్రకటించింది: దేవేంద్రప్ప.

"సార్, చూసుకునింది అక్క గదా?" అంది భువన.

"నాకు తెలుసమ్మా, కండ్లారా చూసినా. యాప్‌కు తెలియాల గదా." పాపం, ఆయన ముఖం చిన్నబోయిన మాట నిజం.

పదిరోజులకు గుర్తింపు పొందిన సహాయకుడికి సన్మాన సభ జరిగింది. ఆయనకు శాలువా కప్పారు. సేవలో ఉన్న తృప్తి మరెందులోనూ లేదని ఆయన మాట్లాడారు. గంగక్క సభకు రాలేకపోయింది. సభకు భోజనాలు వండుతున్నది ఆమే.

నెలాఖరున హాస్టల్ ఉత్తర్వు తీసుకుని భువన నా దగ్గరికొచ్చింది. "ఇందులో తెలుగు శానా కష్టముంది మాస్టారూ, చదివి చెప్పండి" అంది. చదివాను. ఒక్క అచ్చుతప్పు లేదు. విద్యార్థినికి గుర్తింపు పొందిన సహాయకుడు ఉన్నందున సీటు కొనసాగించడమైనది. సదరు సహాయకుడు పురుషుడైనందున బాలికల హాస్టల్లో ప్రవేశించరాదు. గుర్తింపు లేని వ్యక్తి అదే పనిని అదే చోట చేయడం నిబంధనలకు విరుద్ధమైనందున వంటమనిషి గంగక్కను వేరే ఊరి హాస్టల్‌కు బదిలీ చేయడమైనది. ఇకమీదట మూర్ఛ రాదలచిన పక్షంలో, విద్యార్థిని ఆ సంగతిని ముందురోజు సాయంత్రం ఐదు గంటల లోపు సహాయకుడికి లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.