అడకత్తెరకు ఆయుధ పూజ

నవమినాటి పొద్దున రాజేశ్వర్ వేసుకున్న ప్రణాళికలో వేలు పెట్టి చూపించదగ్గ లోపం ఒక్కటీ లేదు. ఏడింటికి చాయ్, ఎనిమిదింటికి టిఫిన్, ఎనిమిదిన్నరకు వెనక గది తలుపుకు గడియ. సాయంత్రం నాలుగు కొట్టేలోగా ఓడ మూడో తెరచాప కొయ్యకు తాళ్లన్నీ కట్టేయాలి. ఇందుకోసం నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న ఆయన సెలవు కూడా పెట్టాడు. ఆయన రాలేదన్న సంగతి ఆఫీసులో ఎవరూ గమనించకపోవడం వేరే విషయం.

రాజేశ్వర్ ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆయన చూసిన నీళ్లలో అతి పెద్దవి కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర కలిసేచోటివి. అవి కూడా చూసింది ఎండాకాలంలో, మోకాలి లోతున. అయినా యాభై ఒకటో ఏట ఫోన్లో ఒక విదేశీయుడు గడ్డం దువ్వుకుంటూ బొమ్మ ఓడ కట్టడం చూసి, ఇదే తన జన్మకారణమని తేల్చుకున్నాడు. అప్పటి నుంచి మూడేళ్లుగా నిజామాబాద్‌లోని తన ఇంటి వెనక గదిలో రెండు మూరల పొడవున్న తెరచాప ఓడ కడుతూనే ఉన్నాడు. అసలు ఓడలు ఇంతకన్నా తొందరగా తయారవుతాయని భార్య విమల అభిప్రాయం.

నిజానికి ఆయనకు ఓడ మీదకన్నా ఓడ కట్టే పనిముట్ల మీద భక్తి ఎక్కువ. పనికి తగ్గ పనిముట్టు ఎంచుకోవాలి తప్ప పనిముట్టుకు తగ్గట్టు పని చేయకూడదని ఆ గడ్డం మనిషి చెప్పాడు. అటువంటి పనిముట్లు కొందామని ధరలు చూసి రాజేశ్వర్ ఫోన్ మూసేశాడు. ఇంట్లో అల్మారాలు తెరిచాడు.

ముందు విమల కనుబొమ్మల ప్లక్కర్ పోయింది. దాని మొనలను ఆకురాయితో సూదుల్లా అరగదీసి, తాళ్లకు ముడులు వేసే సాధనం చేశాడు. తర్వాత దండెం మీది బట్టల క్లిప్పులు. వాటిని విప్పి, చెక్కముక్కల్ని తిరగేసి బిగించి, అతికించిన పలకలను పట్టి ఉంచే బిగింపులు చేశాడు. ఆ ఏడాది వాళ్ల బట్టలు పక్కింటి మామిడిచెట్టు మీద ఆరాయి. పక్కనే దవాఖాన నడిపే పళ్ల డాక్టరు నరేష్ పారేసిన డ్రిల్లు ముక్కలు, టైలరు బాలన్న ఇచ్చిన విరిగిన మిషను సూదులు, జిగురు వేసే సిరంజి, ఇలా మొత్తం అరవై మూడు పోగయ్యాయి.

అన్నిటిలోకీ ఆయన గర్వపడేది తల్లి హన్మవ్వ వక్కలు కత్తిరించుకునే అడకత్తెర. సన్నని చెక్క పలక ఓడ ఒంపుకు తగ్గట్టు వంగాలంటే దాన్ని లోపలి వైపు తెగకుండా అక్కడక్కడ నొక్కాలి. అందుకని ఏడాదిన్నర కింద అడకత్తెర పదును మొత్తం అరగదీసి మొద్దు చేశాడు. పలకలు అద్భుతంగా వంగాయి. ఆ రోజు నుంచి డెబ్బై ఆరేళ్ల హన్మవ్వ వక్కలను రోట్లో దంచుకుంటోంది. కొడుకును మాత్రం ఒక్క మాట అనలేదు. హన్మవ్వ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో ఇంకా నమ్ముతున్నది రాజేశ్వర్ ఒక్కడే.

వారం కింద ప్లక్కర్ గురించి చిన్న గొడవ జరిగింది. తన వస్తువు తనకు ఇచ్చేయమని విమల అడిగింది. రాజేశ్వర్ ఆఫీసులో ఫైలు తిప్పి పంపేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"అరగదీసినంక అది ప్లక్కర్ కాదు. నాగలిని పట్టుకొని ఎవలన్న కట్టె అంటరా? గిప్పుడు గివన్ని ఆయుధాలు."

హన్మవ్వ రోట్లో వక్క దంచుతూ విన్నది. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఇదంతా ఇలా ఉండగా, ఓడను చూడ్డానికి ఒక మనిషి వస్తున్నాడు. పేరు రామ్‌దాస్. ఊరు కందకుర్తి అయినా ముప్పై ఏళ్లు ఓడల మీద పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో బొమ్మ ఓడలవాళ్ల సంఘం తరఫున ఏటా ప్రదర్శన పెడుతున్నాడు. దసరాకు సొంతూరు పోతూ నవమినాడు నాలుగింటికి ఆగుతానని, బాగుంటే ఈసారి ప్రదర్శనలో పెడదామని ఫోన్లో అన్నాడు. మూడేళ్లలో ఆ ఓడను చూస్తానని నోరు తెరిచి అన్న మొదటి మనిషి ఆయనే. ఇంటికి వచ్చిన బంధువులు కూడా వెనక గది తలుపు దాకా వచ్చి, లోపల చెక్కపొడి చూసి వెనక్కి తిరిగేవారు. అందుకే ఆ ఫోన్ వచ్చిన రాత్రి రాజేశ్వర్‌కు అన్నం సహించలేదు. ఒక్కసారి, ఒక్క తెలిసిన మనిషి బాగుందంటే చాలనిపించింది.

ఎనిమిదిన్నరకు ఆయన వెనక గది తలుపు తీశాడు. బల్ల మీద ఓడ ఒక్కటే ఉంది. పనిముట్లు ఒక్కటి కూడా లేవు.

అవి దేవుడి గూడు ముందు ఎర్ర గుడ్డ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ప్రతిదానికీ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. సిరంజికి కూడా. నడుమ పెద్దరికం వహించి అడకత్తెర ఉంది. దానికి బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టడం, గుమ్మడికాయ పగలగొట్టడం, హారతి ఇవ్వడం, అన్నీ రాజేశ్వర్ టిఫిన్ తింటుండగానే పూర్తయ్యాయి.

"అవ్వ, గివన్ని గీడ ఎందుకున్నయ్?"

"ఆయుధాలని నువ్వే అంటివి గద బిడ్డా. నవమినాడు ఆయుధాలకు బొట్టు వెట్టకుంటె మంచిదేనా? రేపు పొద్దుగాల తీస్కో. ఇయ్యాల ముట్టద్దు."

ముట్టుకుంటే ఏమవుతుందో కూడా ఆమె చెప్పింది. వాళ్లు కోటగిరిలో ఉన్నప్పుడు రాజేశ్వర్ బాపు నవమినాడు పూజ చేసిన గొడ్డలి పట్టుకుంటే, పొద్దు గూకేసరికి ఎద్దు కాలువలో పడింది. ఎద్దు ఐదు నిమిషాల్లో బయటికి వచ్చింది కానీ ఆ కథ నలభై ఏళ్లయినా ఇంకా కాలువలోనే ఉంది.

అవి ఆయుధాలు కావు, ఉత్త క్లిప్పులు, ప్లక్కర్లేనని రాజేశ్వర్ మాట మార్చాడు. అట్లయితే తన ప్లక్కర్ తనకిమ్మని వంటింట్లోంచి విమల చెయ్యి చాపింది. ఆయుధమంటే ముట్టకూడదు, కాదంటే దక్కదు. రెంటికీ చెడ్డ రేవడి అయి రాజేశ్వర్ అరువు పనిముట్ల కోసం చెప్పులేసుకుని బయటపడ్డాడు.

నరేష్ దవాఖానలో పళ్ల కుర్చీకి దండ వేసి ఉంది. డ్రిల్లుకు బొట్టు, దీపానికి బొట్టు, ఉమ్మే గిన్నెకు కూడా బొట్టు. మెట్ల మీద ఒకాయన దవడ పట్టుకుని రేపటి కోసం కూర్చున్నాడు. బాలన్న దుకాణంలో మిషన్లతోపాటు కత్తెరలు, సూదులు, గుండీల డబ్బా సైతం పూజలో ఉన్నాయి. ఉద్యోగ సంఘాలు ఇన్నేళ్లు కొట్లాడినా సాధించలేనంత కచ్చితమైన సెలవును పట్నంలోని పనిముట్లన్నీ ఒకేరోజు అనుభవిస్తున్నాయి.

అప్పుడు ఆయనకు పాల్ రాజ్ గుర్తొచ్చాడు. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే పాల్ రాజ్ మెథడిస్టు చర్చికి పోయే మనిషి. నవమి ఆయన సామానును ముట్టదు. తన తెలివికి తానే మురిసిపోతూ రాజేశ్వర్ అక్కడికి చేరేసరికి, అదే తెలివి ఉన్నవాళ్లు అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు.

"మీ సామాన్లకు మీరు సెలవిస్తరు, నా సామాన్ల పానం తీస్తరు. ఏటా గిదే కత అన్న," అన్నాడు పాల్ రాజ్.

అయినా మెత్తని మనిషి కావడంతో రెండు సన్నని చిమటాలు, ఒక చిన్న పట్టకారు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పన్నెండింటికల్లా తిరిగి కావాలన్నాడు. బల్ల ముందు వీరస్వామి కూర్చుని ఉన్నాడు. బోధన్‌లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో టైమ్ కీపర్‌గా చేసి రిటైరైన ఆయన చేతి గడియారం పేగులు బయటపడి పళ్లెంలో ఉంది. టైమ్ తెలియక ఆయనకు ఊపిరి ఆడటం లేదు.

రాజేశ్వర్ గెలిచినవాడిలా ఇంటికి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ గుడ్డ మూటను ఒక్క క్షణం అరుగు మీద పెట్టాడు. తలెత్తేసరికి హన్మవ్వ మూట విప్పి, మూడింటికీ బొట్లు పెట్టేసింది. పండుగపూట ఇంటికొచ్చిన ఆయుధాన్ని ఉత్తగా లోపలికి రానిస్తారా అంది. చిమటాలు, పట్టకారు అడకత్తెర పక్కన సుఖాసీనులయ్యాయి.

పన్నెండున్నరకు పాల్ రాజ్ వచ్చాడు. వెనకే పళ్లెంలో గడియారం పట్టుకుని వీరస్వామి వచ్చాడు. సంగతి తెలిసి పాల్ రాజ్ చెమట తుడుచుకున్నాడు.

"అవ్వ, అవి నాయి. నేను చర్చికి పొయ్యేటోణ్ణి."

"పో బిడ్డా, నేనేమన్న వద్దంటున్ననా? నీ సామానే గీడ కూసున్నది. బొట్టు వడ్డది రేపే లేస్తది."

తల్లిలాంటి మనిషి మీద గొంతెత్తడం తెలియని పాల్ రాజ్ చెప్పులు విడిచి కూర్చున్నాడు. హన్మవ్వ ఇద్దరికీ ఆకులు వేసి గారెలు, పులిహోర వడ్డించింది. ఇంతలో గడియారాల దుకాణం నుంచి బొట్టులేని పట్టకారు ఒకటి ఈ ఇంటికి వచ్చిందన్న కబురు నరేష్ చెవిన పడింది. ఆయన దవడాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. తన పన్ను దేనితో పీకాలనుకుంటున్నారో కళ్లారా చూశాక దవడాయనకు నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. ఆయన కూడా గారెలు తిన్నాడు, కాకపోతే ఒక పక్కనే.

రాజేశ్వర్ ఏమీ తినలేదు. వెనక గదిలో చేరి, ఉత్త వేళ్లతోనే తాళ్లు కట్టడానికి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు రబ్బరు ముద్రలు కొట్టిన వేళ్లవి. మొదటి ముడి పడలేదు. రెండోది పడింది, బొటనవేలి చుట్టూ. మూడోదానికి అడ్డకొయ్య పుటుక్కుమని విరిగింది. వాలిపోయిన కొయ్యను చూస్తూ కూర్చుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. మూడేళ్ల ఆదివారాలు ఆ చెక్క ముక్కల్లో ఉన్నాయి మరి.

మూడుంపావుకు ఇల్లంతా కునుకు తీస్తోంది. రాజేశ్వర్ పిల్లిలా వచ్చి దేవుడి గూడు ముందు వంగాడు. వేలు ప్లక్కర్‌కు తగలబోతుండగా మంచం మీంచి హన్మవ్వ కళ్లు తెరవకుండానే "ఎద్దు" అంది. ఆయన చెయ్యి తీసేశాడు.

రామ్‌దాస్ సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. ఆ సంగతి చెప్పే గడియారం మాత్రం వీరస్వామి దగ్గర లేదు. అందరూ వెనక గది గుమ్మంలో గుమిగూడారు. రామ్‌దాస్ ఓడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విరిగిన కొయ్యను చూసి, అది పెద్ద విషయం కాదన్నట్టు తలూపాడు. రాజేశ్వర్ ప్రాణం లేచివచ్చింది. అప్పుడు రామ్‌దాస్ చూపు పైకి పోయింది.

"రాజేశ్వర్ గారు, తెరచాపలేమో ముందుకు ఉబ్బినయ్. జెండా ఎనుకకు ఎగురుతుంది. గీ ఓడ మీద రెండు గాలులు కొడుతున్నయా?"

ఊరేగింపుల్లో ట్రాక్టర్ల మీద జెండాలన్నీ వెనక్కే ఎగురుతాయని రాజేశ్వర్ నెమ్మదిగా మనవి చేశాడు. ట్రాక్టరును ఇంజను లాగుతుందని, ఓడను గాలే తోస్తుంది కాబట్టి జెండా కూడా తెరచాపలు ఉబ్బిన వైపే ఎగరాలని రామ్‌దాస్ వివరించాడు. ఇటువంటి ఓడలు తమ దగ్గర ఇరవై ఉన్నాయని, మనసు చిన్నబుచ్చుకోవద్దని కూడా అన్నాడు. రాజేశ్వర్ మనసు అప్పటికే చిన్నబుచ్చుకుని మూల కూర్చుంది. గుమ్మంలో ఉన్నవాళ్లు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు.

నీళ్లు తాగి పోదామని ముందు గదిలోకి వచ్చిన రామ్‌దాస్ దేవుడి గూడు ముందు ఆగిపోయాడు. చెప్పకుండానే నేల మీద చతికిలబడ్డాడు. ఇది ముడులు వేసేది, ఇది పలక వంచేది అని తనలో తాను అనుకుంటూ అడకత్తెర దగ్గరికి వచ్చి, ఇట్లాంటిది ఎక్కడా చూడలేదే అన్నాడు.

హన్మవ్వ లేచి వచ్చి పక్కన కూర్చుంది. అడకత్తెరతో మొదలుపెట్టి, ఏది ఒకప్పుడు ఏం పనిచేసేదో, కొడుకు దాన్ని ఎట్లా పాడుచేశాడో, అందువల్ల ఇంట్లో ఎవరు ఏం బాధపడ్డారో, అరవై మూడింటి చరిత్ర ఒక్కటి వదలకుండా చెప్పింది. ఏడాదిన్నరగా ఒక్క మాట అనని మనిషి గంటంబావు ఆగలేదు. రామ్‌దాస్ మొత్తం ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

"మా తాన ఓడలకు తక్కువ లేదు. గిట్లాంటివి మాత్రం ఒక్కటి లేదు. బొట్లు చెరపకుండ, గీ ఎర్ర గుడ్డ మీద గిట్లనే పెడ్త. ఇస్తవా అవ్వ?"

రేపు పొద్దున దాకా ముట్టకూడదని హన్మవ్వ షరతు పెట్టింది. దసరా చేసుకుని వెళ్లేటప్పుడు తీసుకుంటానని రామ్‌దాస్ చేతులు జోడించాడు. తెల్లారి ఆరింటికే పాల్ రాజ్ వచ్చి, ప్రదర్శనకు పోయేలోగా తన మూడింటినీ ఎత్తుకుపోయాడు. ఎనిమిదింటికల్లా వీరస్వామికి ఊపిరి ఆడింది. విమల ప్లక్కర్ మాత్రం బొట్టుతో సహా హైదరాబాద్ పోయింది.

ఇరవై రోజులకు ప్రదర్శన ఆహ్వానం వచ్చింది. రాజేశ్వర్ కవరు చించాడు. "ఈ ఏటి ప్రత్యేక ఆకర్షణ: శ్రీమతి హన్మవ్వ గారి పనిముట్లు, నిజామాబాద్" అని అందులో అచ్చు వేసి ఉంది. ఆయన రెండుసార్లు చదివి, తన పేరు ఇంకెక్కడైనా ఉందేమోనని వెనక్కి తిప్పాడు. వెనక చిన్న అక్షరాల్లో, హన్మవ్వ గారితోపాటు ఇంకొకరికి కూడా ప్రవేశం ఉందని రాసి ఉంది.

ఆ ఒక్కరి కోసం పాల్ రాజ్ పేరు గట్టిగా పరిశీలనలో ఉందని విమల ద్వారా తెలిసింది.