బీరువాకు హాజరు పట్టీ

ఆ ఇంటి బీరువాలో ఆరు అరలు. అయిదున్నర అరలు ఇల్లాలివీ, కూతురివీ. మిగిలిన సగం అర పాత దుప్పట్లది. ఇంటి పెద్ద ఆస్తి మొత్తం, అంటే ఏడు చొక్కాలూ నాలుగు ప్యాంట్లూ, పడకగదిలో కుర్చీ వీపు మీద కాపురం చేస్తున్నాయి. ఆ కుర్చీలో మనిషి కూర్చుని పదకొండేళ్లయింది.

అందుకే గోడ పొడవునా కొత్త బీరువా చేయిద్దామన్న మాట రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఈసారి నాకు సగం గోడ కావాలి," అన్నాడు.

"ఏడు చొక్కాలకి సగం గోడా? ఒక్కో చొక్కాకి ఒక్కో గది కట్టిస్తారా?" అంది భార్య. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఇంట్లో కూడా.

"చోటుంటే చొక్కాలు అవే వస్తాయి."

"బుర్రలో బోలెడు చోటుందిగా, అందులోకి ఏమొచ్చాయి?"

ఇలా తేలేది కాదని ఒక నిపుణురాలిని పిలిచారు. ఇళ్లలో సామాను ఎక్కడ ఏది ఉండాలో చెప్పి, దానికి తగ్గట్టు బీరువాలు గీసిచ్చి, దగ్గరుండి చేయించడం ఆవిడ వృత్తి. మెడలో కొలత టేపు, చెవి మీద పెన్సిలు, మొహం మీద చిరునవ్వు. చిరునవ్వు బీరువా తలుపు తెరిచేదాకానే ఉంది.

"మీరు మొగుడూ పెళ్లాల మధ్య కూడా సర్దుబాటు చేస్తారా?" అని అడిగాడు ఆయన, చమత్కారంగా.

"చేస్తాం సార్. దానికి అడ్వాన్సు ముందే తీసుకుంటాం," అంది ఆవిడ, టేపు లాగుతూ.

కొలతలయ్యాక బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించింది. అందులో మూడు గడులు, పక్కన దారానికి వేలాడుతూ ఒక పెన్సిలు.

"ఎవరు తలుపు తీసినా వాళ్ల గడిలో ఒక గీత గీయండి. వారం రోజులు. ఎవరు ఎక్కువ వాడతారో వాళ్లకి ఎక్కువ చోటు. వాళ్ల ఎత్తుకి, వాళ్ల చేతికి అందేలా గీస్తాను."

ఆయనకు "ఎక్కువ చోటు" దాకానే వినిపించింది.

ఆయన ఆఫీసులో రికార్డు గుమాస్తా. అందరూ రిజిస్టరుగారు అంటారు. వచ్చినవాళ్ల హాజరుతో పాటు రానివాళ్ల హాజరు కూడా వేసిన చెయ్యి అది. అలాంటి మనిషికి కాగితం నింపడం నేర్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పడమే.

మొదటిరోజు నిజాయితీగానే మొదలుపెట్టాడు. తలుపు తీసి రుమాలు లోపల పెట్టాడు, ఒక గీత. మళ్లీ తీసి అదే రుమాలు బయటికి తెచ్చాడు, ఇంకో గీత. ఇలా రుమాలు పద్నాలుగుసార్లు ప్రయాణం చేశాక కూతురు వచ్చింది.

"నాన్నా, లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేదమ్మా, గాలి ఆడుతుందో లేదో చూస్తున్నా."

రెండోరోజుకు తలుపు తీయడం దండగ అనిపించింది. నేరుగా గీతలే గీశాడు. మూడోరోజు ఆఫీసుకు వెళ్తూ సాయంత్రం గీతలు కూడా ముందే వేసి వెళ్లాడు.

"ఏమండీ," అంది భార్య ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "మీరు ఆఫీసులో ఉండగా కూడా బీరువా తీస్తున్నట్టున్నారే?"

"అవి నిన్నటి బకాయిలు."

"ఓహో," అని ఊరుకుంది.

ఆవిడ ఊరుకుంటే భయపడాలని పదకొండేళ్ల అనుభవం ఉన్న ఏ భర్తకైనా తెలియాలి. ఈయనకు మాత్రం గెలిచినట్టనిపించింది. నాలుగోరోజు ఆవిడే వచ్చి, "పెన్సిలు మొద్దుబారింది, చెక్కిపెట్టనా?" అంది. పాపం, లొంగిపోయింది అనుకున్నాడు. అయిదోరోజు గీతలు తను వేసినదానికన్నా కాస్త ఎక్కువే కనిపించాయి. కష్టపడే మనిషికి తన కష్టం ఎంతో తనకే గుర్తుండదని సరిపెట్టుకున్నాడు.

వారం గడిచి నిపుణురాలు వచ్చింది. కాగితం చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. కూతురు తొమ్మిది. భార్య నాలుగు. ఆయన మూడువందల పన్నెండు.

"సార్," అని చేతులు జోడించింది, "ఇన్నేళ్లలో ఇలాంటి మగాణ్ణి చూడలేదు."

"ఏదోలెండి," అని ఆయన సిగ్గుపడ్డాడు.

"అయితే ఉతికిన బట్టలు మడత పెట్టడం, ఇస్త్రీ, పాప యూనిఫాం, దుప్పట్లు, అన్నీ మీ చేతి మీదే నడుస్తాయన్నమాట?"

ఆయన భార్య వైపు చూశాడు. పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసిన పిల్లాణ్ణి చూసే చూపుతో ఆవిడ నిలబడి ఉంది.

"అడుగుతున్నారుగా, చెప్పండి."

కాదంటే గోడ పోతుంది. అవునంటే గోడ దక్కుతుంది.

"నేనే," అన్నాడు గొంతు సవరించుకుని. "ఈ ఇంట్లో ఇంకెవరు చేస్తారు?"

నిపుణురాలు గీసిన బొమ్మ మీద ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. అదీ ఆఫీసు అలవాటే.

మూడు వారాలకు నిపుణురాలినీ వడ్రంగినీ వెంటపెట్టుకుని బీరువా వచ్చింది. ఆయనకు సగం గోడ కాదు, ముప్పావు గోడ దక్కింది. అందులో విప్పిన బట్టల బుట్ట, మడత పెట్టాల్సిన బట్టల బుట్ట, లాగితే బయటికొచ్చే ఇస్త్రీ బల్ల, యూనిఫాంల కడ్డీ, దుప్పట్ల అర, అన్నీ ఆరడుగుల మనిషి చేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉన్నాయి. అయిదడుగుల భార్య మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాచి చూసింది.

"అయ్యో, నాకు అందడం లేదండీ," అంది, లోకంలో ఉన్న బాధంతా గొంతులోకి తెచ్చుకుని.

ఆయన వడ్రంగి వైపు తిరిగాడు. "కాస్త కిందికి దించలేమా?"

"గోడకి బిగించేశాం సార్. దించాలంటే గోడ దించాలి."

నిపుణురాలూ వడ్రంగీ వెళ్లిపోయాక ఆయన ఇస్త్రీ బల్ల కింద చతికిలబడ్డాడు.

"నిజం చెప్పేస్తున్నా. ఆ గీతలన్నీ దొంగ గీతలే."

"తెలుసండీ. అందులో నూట నలభై ఒకటి నేను గీసినవే."

"నువ్వా! నా గడిలోనా?"

"మీరు ఒక్కరే అంత కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. పెళ్లామన్నాక ఆ మాత్రం చేదోడుగా ఉండొద్దా?"

ఆయన మూడువందల పన్నెండులోంచి నూట నలభై ఒకటి తీసేయబోయాడు. ఈలోగా కూతురు ఉతికిన బట్టల మూట తెచ్చి ఒళ్లో పడేసి, "నాన్నా, నా సాక్సులు జతలు కలిపి పెట్టు, తప్పు జత వేస్తే బళ్లో నవ్వుతారు," అని వెళ్లిపోయింది.

రిజిస్టరుగారు లేచి, మూటలో పైనున్న దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు. దుప్పటికి నాలుగు మూలలుంటాయని విన్నాడు. చాలాసేపు వెతికాడు. మూడు దొరికాయి.