ఐదు నిమిషాల టీచరమ్మ

ఇంగ్లిష్ టీచర్ ఎంత తక్కువ మాట్లాడితే పిల్లలకు అంత ఎక్కువ ఇంగ్లిష్ వస్తుంది! అసలు నోరే విప్పకపోతే? ఇంటికో దొర తయారవుతాడు! నవ్వకండి. ఇది నా మాట కాదు, శిక్షణ మాట. శిక్షణలో చివరి అక్షరం ఎగిరిపోతే ఏం మిగులుతుందో ఇప్పుడు ఆలోచించకండి.

కొత్త టీచరమ్మ ఈ మహాసత్యాన్ని పది రోజులు నేర్చుకుంది. ఆ పది రోజులూ ట్రైనర్ గారు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. దేని గురించి? టీచర్ మాట్లాడకూడదని!

నలభై నిమిషాల పీరియడ్‌లో టీచర్ మాట ఐదు నిమిషాలు దాటకూడదు. మిగతాదంతా సైగలు, చార్టులు, రంగు చీటీలు. ప్రాక్టీసు కోసం టీచర్లే పిల్లలయ్యారు. సైన్యం నుంచి రిటైరై ఈ కొలువులో చేరిన పెద్దాయన, మోకాళ్లు మొరాయిస్తున్నా కప్పలా గెంతి చూపించారు. క్షణంలో అందరూ "జంప్!" అన్నారు. అనరూ మరి? అందరివీ ఎమ్మేలే!

పరీక్ష రోజు ట్రైనర్ గారు టీచరమ్మ క్లాసుకే వచ్చి, పిల్లల వెనక బెంచీలో స్టాప్‌వాచ్‌తో కూర్చున్నారు. ఈ పాఠం గట్టెక్కితే టీచరమ్మ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే మళ్లీ శిక్షణ.

"సైలెన్స్" అనడానికే నాలుగు నిమిషాల యాభై సెకన్లు కరిగిపోయాయి. ఇక 'స్విమ్' అనే మాట నేర్పాలి. టీచరమ్మ పెదవులు బిగించి, గాలిలో బారలు వేసింది.

"కొంగులో కందిరీగ దూరినట్టుందిరా!" అన్నాడొకడు.

"కాదెహె, దుప్పటి ఉతుకుతున్నారు."

"ఆగండ్రా, మనల్నే పిలుస్తున్నారు!" అంటూ ముగ్గురు లేచొచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు.

చూశారా, ఎంత ఆలోచనాశక్తి! ఒక్క మాటతో పోయే పనికి పద్దెనిమిది నిమిషాలు బుర్రలు పనిచేశాయి. చెప్పేసి ఉంటే ఆ కందిరీగ పుట్టేదా?

చివరికి ఎవరో 'స్విమ్' అన్నారు. ఆ వెంటనే, స్కూలు తెరిచినప్పటి నుంచి హాజరుకు తప్ప నోరు తెరవని మూడో వరస అమ్మాయి లేచి నిలబడింది.

"టీచర్... మై అక్క స్విమ్. ఐ... ఐ ఫియర్."

టీచరమ్మ స్టాప్‌వాచ్ వైపు చూసింది. మాటల కోటాలో మిగిలింది పది సెకన్లు. చార్టు ఇంకా చుట్ట విప్పలేదు. "వెరీ గుడ్, సిట్ డౌన్" అంటే ఉద్యోగం దక్కుతుంది.

ఆవిడ చేసిన ఘోరం వినండి! వెళ్లి ఆ పిల్ల బెంచీ చివర కూర్చుంది.

"వై ఫియర్?"

"వాటర్... నోస్ గో."

"మై నోస్ ఆల్సో!" అంది టీచరమ్మ.

అంతే, క్లాసు భగ్గుమంది. "టీచర్, ఐ నో ఫియర్!" "లై, టీచర్! హీ క్రై!" "యూ క్రై, ఐ లాఫ్!" ఒక్క వాక్యానికీ నడుం సరిగ్గా లేదు, ఒక్క నోరూ ఖాళీగా లేదు. ఆవిడ సరిదిద్దుతోంది, నవ్వుతోంది, మళ్లీ అడుగుతోంది. గంట కొట్టినా ఒక్కడూ లేవలేదు.

ట్రైనర్ గారు స్టాప్‌వాచ్ చూపించారు. "ఏంటమ్మా ఇది? పదకొండు నిమిషాలా? పిల్లల్ని మాట్లాడనివ్వాలని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా?"

"వాళ్లే కదండీ మాట్లాడింది!"

"ఎక్కడమ్మా? ఒక్క రంగు చీటీ అయినా గోడెక్కిందా?"

గోడెక్కనిది బుర్రకెలా ఎక్కుతుంది? మీరే చెప్పండి! ఆవిడను మరో పది రోజుల శిక్షణకు పంపారు. బదులుగా ఇంకో టీచర్ లేరు. ఇప్పుడా క్లాసులో టీచర్ మాట సున్నా నిమిషాలు! పద్ధతి ప్రకారం ఇంతకు మించిన పాఠం భూమ్మీద లేదు. అందరూ చప్పట్లు కొట్టండి!

మూడో వరస అమ్మాయి మాత్రం రెండో వాక్యం తయారు చేసుకుని, రోజూ ఆ పీరియడ్‌లో తలుపు వైపే చూస్తోందట.