నాయనమ్మకు రోజూ మతి పరీక్ష

మీ ఇంట్లో పెద్దవాళ్లను పలకరించే దిక్కు లేదా? వెంటనే ఫ్యామిలీ ట్రస్ట్ పెట్టించండి! దీన్ని మించిన మందు లేదు.

మా నాయనమ్మకు ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు ఉంది. ఇల్లూ, షాపూ కలిపి ట్రస్టులో పెట్టింది. మతి బాగున్నంతకాలం పెత్తనం ఆమెదే. మతి తప్పిందని డాక్టరు రాసిచ్చాక పెదనాన్నా, అత్తా ట్రస్టీలై ఆమె మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండాలి.

ఎంత బాధ్యత గలవాళ్లో! అందాకా ఆగలేకపోయారు.

ఇదివరకు పెదనాన్న ప్యాంటు పొడుగైతే తప్ప వచ్చేవాడు కాదు. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. చెప్పులైనా విప్పకుండా అడుగుతాడు.

“అమ్మా, ఈరోజు ఏ వారం?”

“నీ ప్యాంటు ఇస్తానన్న వారం కాదులేరా.”

అత్తది ఫోన్ పరీక్ష. “నేనెవర్నో చెప్పుకో చూద్దాం!”

“నిన్నా ఇదే అడిగావు. నువ్వెవరో నీకింకా తెలియలేదుటే?”

ఇంతటి ఆప్యాయత ట్రస్టు లేకుండా వస్తుందా?

ఒకరోజు నాయనమ్మ కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికింది. కాబోయే ట్రస్టీలిద్దరి ముఖాలూ వెలిగిపోయాయి! ఆ సంబరంలో అత్త తన కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. దానికి మాత్రం ఎవరూ డాక్టరును పిలవలేదు.

మర్నాడు నాయనమ్మ వాళ్లిద్దరి ఎదుటికే లాయరును పిలిపించింది.

“ట్రస్టీలను మార్చాలా అని చూస్తున్నానండీ. వీళ్లకు ఒకటే ప్రశ్న. నాకు నొప్పి ఏ మోకాలికి?”

“కుడి” అన్నాడు పెదనాన్న. “ఎడమ” అంది అత్త. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి మాట మార్చారు. ఈసారి ఆయన ఎడమ, ఆవిడ కుడి!

నేను వేడినీళ్ల సంచీతో తలుపు చాటున నిలబడి ఉన్నాను. నలుగురిలోకి రావాలంటే నాకు బెరుకు.

“ఆ పిల్లను పెట్టండి” అంది నాయనమ్మ.

“మైనరండీ, కుదరదు. పద్దెనిమిదేళ్లు నిండాలి.”

“సరే, అందాకా నా మతిని ఎక్కడికీ పోనివ్వను. రాసుకోండి.”

లాయరు నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. వెళ్లి మిషన్ ముందు కూర్చుంది.

చూశారా, ట్రస్టు ఎంత మంచి చేసిందో? పెదనాన్న ఇప్పుడు వారం అడగడం మానేశాడు. రాగానే, “అమ్మా, మోకాలు ఎలా ఉంది?” అంటున్నాడు.

ఏ మోకాలో మాత్రం ఇంతవరకూ అడగలేదు. ఆయన అడిగేదాకా మేమిద్దరం చెప్పదలచుకోలేదు.