తొమ్మిదో గడి

స్ఫూర్తి మనిషికి దానంతట అదే కలుగుతుందన్న పాతకాలపు నమ్మకాన్ని డివిజన్ విద్యా కార్యాలయం ఆగస్టు పద్నాలుగో తేదీన, నూట పన్నెండో నంబరు మెమో ద్వారా, రద్దు చేసింది. ఇకమీదట స్ఫూర్తి మధ్యాహ్నం మూడున్నరకు కలుగుతుంది. కలిగినట్టు ఫొటో జతచేయాలి.

మెమో వచ్చేసరికి మలింతాగ్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచరు ఎర్లిండా పబాలన్ తన బల్ల దగ్గర కూర్చుని అట్టముక్క కత్తిరిస్తోంది. ముందురోజు మీటింగులో పాన్సిత్ నూడుల్స్ పెట్టిచ్చిన డబ్బా అట్ట అది. ఒక మూల నూనె మరక ఇంకా ఉంది. ఆ అట్టతో ఆమెకు ఒకటే పని, పుస్తకంలో బొమ్మను మూయడం.

ఆమె తరగతిలోని లిజెల్‌కి తొమ్మిదేళ్ళు. చదవడం రాదు. రాదన్న సంగతి రెండేళ్ళపాటు ఎవరూ పసిగట్టలేదు, ఎందుకంటే ఆ పిల్ల బొమ్మ చూసి గడగడా చదివేసేది. బొమ్మలో అమ్మమ్మ, బుట్టనిండా అరటిపళ్ళు. "అమ్మమ్మ బజారుకెళ్ళి అరటిపళ్ళు తెచ్చింది" అని లిజెల్ చదివితే రెండో తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. కింద అచ్చులో ఉన్నది, "అమ్మమ్మకి అరటిపళ్ళంటే ఇష్టం లేదు."

ఎర్లిండా బొమ్మమీద అట్టముక్క పెట్టింది.

"ఇప్పుడు చదువు."

లిజెల్ చాలాసేపు చూసింది. "బొమ్మ మూస్తే అక్షరాలు కూడా పారిపోతున్నాయి మేడం."

"ఎక్కడికీ పోవు. ఒక్కోటి పట్టుకో. కనబడిందే చెప్పు. తోచింది చెప్పకు."

రోజూ మూడున్నరనుంచి నాలుగుంపావుదాకా వాళ్ళిద్దరికీ అదే పని. నాలుగుంపావుకి చేపలు ఎండబెట్టే యార్డునుంచి లిజెల్ తల్లి వస్తుంది, మోచేతులదాకా పొలుసులతో. ఆవిడ మాట ముందే చెప్పేసింది. "సెప్టెంబరు పరీక్షలో ఇది చదవలేకపోతే ఈ సీజన్‌నుంచి నాతో యార్డుకి తీసుకెళ్తాను మేడం. తిట్టడం కాదు, నిజం చెప్తున్నా. చేపని చీల్చడం దానికి నాకంటే బాగా వచ్చు." పరీక్షకి మూడు వారాలుంది. అట్ట కింద లిజెల్ అప్పటికి నాలుగు మాటలు పట్టుకుంది.

ఇక మెమో సంగతి. "నది దాటిన మేడం" అనే సినిమా దేశమంతా ఆడుతోంది. కొండప్రాంతంలో ఒక టీచరు రోజూ నది దాటి బడికి వెళ్తుంది. ఈ సినిమా చూసి డివిజన్‌లోని ఉపాధ్యాయులంతా స్ఫూర్తి పొంది, తమ స్పందనను తొమ్మిది గడుల ఫారంలో నింపాలి. అంగీకరించే స్పందనలు మూడు: కంటతడి, గగుర్పాటు, నిశ్శబ్దం. (నిశ్శబ్దానికి ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి.) సినిమా ఉన్న పెన్‌డ్రైవు డివిజన్ స్ఫూర్తి సమన్వయాధికారి డాక్టర్ నెస్తోర్ ఇలాగన్ గారి దగ్గర మాత్రమే ఉంటుంది. థియేటర్లోగాని ఫోనులోగాని చూసి పొందిన స్ఫూర్తి చెల్లదు.

ప్రదర్శన పట్నంలోని పెద్దబడి బాస్కెట్‌బాల్ కోర్టులో. కార్యక్రమ పట్టిక ప్రకారం ప్రార్థన, జాతీయగీతం, డివిజన్ గీతం, స్వాగత వచనాలు, సందేశం, స్ఫూర్తి సందేశం (మొదటిదానికీ రెండోదానికీ తేడా ఉంది, రెండోది పొడుగు), రెండో తరగతి పిల్లల నాట్యం, అతిథులకు ధ్రువపత్రాలు, ధ్రువపత్రాలు అందించినవారికి ధ్రువపత్రాలు. నాలుగూ పదికి సినిమా మొదలైంది. సినిమా రెండు గంటలు. ఐదూ నలభై అయిదుకి ముగింపు వచనాలు అని పట్టికలో అచ్చయి ఉంది. అచ్చయినదాన్ని మార్చే అధికారం ఎవరికీ లేదు.

కాబట్టి ఐదూ నలభై అయిదుకి సినిమా ఆగింది. అప్పటికి టీచరు నది మధ్యలో ఉంది. నడుముదాకా నీళ్ళు, నెత్తిమీద పుస్తకాల మూట, ఏదో చెప్పబోయి నోరు సగం తెరిచింది. డాక్టర్ ఇలాగన్ తెర ముందు నిలబడి పావుగంటసేపు పట్టుదల గురించి మాట్లాడారు. ఆయన వెనక ఆమె ఆ పావుగంటా అలాగే నీళ్ళలో నిలబడి ఉంది.

ఎర్లిండాకి ఏడుపు రాలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతికినట్టు తనలోపల వెతుక్కుంది. దొరికిన భావాల్లో ఒకటి ఆమెకే సిగ్గనిపించింది. అసూయ. సినిమాలో టీచరు గంటా ముప్పై అయిదు నిమిషాల్లో ఒక్క కాగితం కూడా నింపలేదు. క్లాసులోకి వచ్చి, వచ్చీరాగానే పాఠం మొదలుపెట్టింది. అంతకంటే ఎక్కువగా ఇంకొకటి ఆమెను పట్టుకుంది. ఆ నోరు ఏం చెప్పడానికి తెరుచుకుంది?

పక్కన రెండో తరగతి టీచరు రొవేనా తలనొప్పి నూనె కళ్ళకింద రాసుకుంటోంది. హెడ్మాస్టరు తెయోఫిలో గారు ఫోనుతో వరసవెంట వస్తున్నారు.

"కొంచెం ఇటు తిరగండి మేడం. కన్నీళ్ళు ఎడమ చెంపమీద పడాలి. వెలుతురు అటుంది."

"ఎడమ కన్ను ఇంకా అందుకోలేదు సర్. రెండు నిమిషాలాగండి" అంది రొవేనా.

ఫారంలో తొమ్మిదో గడి: ముగింపు చూసినప్పుడు మీలో కలిగిన మార్పు, యాభై మాటలకు తగ్గకుండా. ఎర్లిండా రాసింది: "ముగింపు చూపించలేదు."

ఫారం రెండోరోజే తిరిగొచ్చింది. పైన ఎర్రసిరాతో, "నలభై ఎనిమిది మాటలు తక్కువ." గడి నిండనివారికి పునఃస్ఫూర్తి ప్రదర్శనలు రోజూ ఉంటాయి. అవీ మూడున్నరకే. వాటికీ అదే పట్టిక.

ఆమె వెళ్ళింది. ఐదూ నలభై అయిదుకి టీచరు నదిలో ఆగింది. మర్నాడు కూడా వెళ్ళింది. నది అదే, మూట అదే, నోరు అంతే తెరుచుకుని ఉంది. నాలుగోసారికి ఎర్లిండా సినిమా చూడటం మానేసి, ఆ ఆగిన ముఖం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఆరోరోజు ఆమె నేరుగా డాక్టర్ ఇలాగన్ దగ్గరికి వెళ్ళింది.

"సర్, ఆ చివరి పాతిక నిమిషాలు ఒక్కసారి వేయించండి. చూసి రాసేస్తాను."

"మేడం, మిగతా రెండువందల పదకొండు మంది ముగింపు గురించి రాశారు. ఒక్కరికి కూడా ఇబ్బంది రాలేదు. మీ కళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు?"

"మీరూ అక్కడే ఉన్నారు కదా సర్. సినిమా నదిలో ఆగిపోయింది."

"నేను ప్రసంగంలో ఉన్నాను. తెర నా వెనక ఉంది. వెనక ఏం జరిగిందో నేనెలా చెప్పగలను?" అన్నారాయన, నిజాయితీగా.

తిరుగుప్రయాణంలో ఎర్లిండా ట్రైసికిల్ బండిలో రొవేనా పక్కన కూర్చుంది. రొవేనా ఆరోజు తన ధ్రువపత్రం తీసుకోవడానికి వచ్చింది.

"నువ్వేం రాశావే?" అంది ఎర్లిండా.

"చంపేశాను అక్కా. నదిలో కొట్టుకుపోయింది. ఊరంతా ఒడ్డున కొవ్వొత్తులు పట్టుకున్నారు. నేను మూడురోజులు అన్నం తినలేదని రాశాను."

"తెయోఫిలో సర్?"

"ఆయన ఆమెకి ప్రమోషన్ ఇప్పించాడు. పాపం, పన్నెండేళ్ళుగా అదే కలగంటున్నాడు. బాలవాడి మేడం పెళ్ళి చేసింది, పడవవాడితో."

"అన్నీ ఒప్పుకున్నారా?"

"ఎందుకొప్పుకోరు? గడి నిండింది కదా." రొవేనా గొంతు తగ్గించింది. "అక్కా, అబద్ధం యాభై మాటలు. అక్కడ ఆ పిల్లకి రోజూ ముప్పావుగంట పోతోంది. ఎవరి మంచికోసం నీకీ పట్టుదల?"

ఎర్లిండా అదే ప్రశ్న తనకి తాను వేసుకుంది. నిజమే, ఎవరికోసం? ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మాట ఒకటుంది, కనబడిందే చెప్పమని. అది పిల్లల బాగుకోసం చెప్పిందో, చెప్పగలిగినందుకు తనమీద తనకి కలిగే గౌరవంకోసం చెప్పిందో ఆమెకి ఇప్పుడు సరిగా తెలియడం లేదు. (ఇటువంటి సందేహాలకి ఫారంలో గడి లేదు.)

బడి గుమ్మం దగ్గర లిజెల్ ఇంకా కూర్చుని ఉంది, ఒళ్ళో పుస్తకం, చేతిలో అట్టముక్క. పక్కన తల్లి నిలబడి ఉంది.

"వద్దంటే వినదు మేడం. మీరు రారని తెలిసినా కూర్చుంటుంది. ఒక్కతే మూస్తుంది, తీస్తుంది, మూస్తుంది."

"ఎన్ని మాటలు పట్టావమ్మా?" అని అడిగింది ఎర్లిండా.

"నాలుగే మేడం. అవే మళ్ళీ పట్టుకుంటున్నా. మిగతావి మీరుంటేనే ఆగుతాయి."

పరీక్షకి పదిరోజులుంది. ఎర్లిండా లోపలికి వెళ్ళి, ఫారం తీసి, తొమ్మిదో గడి దగ్గర పెన్ను పెట్టింది. యాభై మాటలు రాసి లేద్దామనుకుంది. చనిపోయింది అని రాస్తే సరిపోయేది. కాని ఆరురోజులుగా సగం తెరుచుకున్న ఆ నోరు ఊరుకోనివ్వలేదు. ఆమె రాసిన ముగింపు ఇది: నదిలో ఉన్న టీచరు అవతలి ఒడ్డున ఒక పిల్లని చూసి, "కనబడిందే చెప్పు" అంటుంది. ఆ పిల్లకి ఏళ్ళతరబడి చదువు రాలేదు. పుస్తకం తెరుస్తుంది. మొదటి మాట చదువుతుంది, తర్వాత రెండోది. నది హోరులో టీచరుకి ఏమీ వినబడదు. పెదవులు కదలడం మాత్రం కనబడుతుంది. కదిలిన పెదవులు సరిగ్గా ఏ మాట దగ్గర కదలాలో అక్కడే కదిలాయని ఆమెకి తెలుస్తుంది.

గడి నిండింది. అంచులమీదా, కాగితం వెనకా కూడా రాసింది. అంతా మూడువందల పన్నెండు మాటలు. రాస్తుండగా ఎర్లిండాకి ఏడుపొచ్చింది. సాక్షులు లేనందువల్ల అది లెక్కలోకి రాలేదు.

ఆ తర్వాత మూడురోజులు మూడున్నరకి ఆమె లిజెల్ పక్కన కూర్చుంది. అట్ట కింద మాటలు నాలుగునుంచి పదకొండయ్యాయి. నాలుగోరోజు మెమో వచ్చింది.

డివిజన్ మొత్తంలో అత్యుత్తమ స్పందన ఎర్లిండా పబాలన్‌ది. ఆమెను స్ఫూర్తి రాయబారిగా నియమించడమైనది. ముప్పై ఎనిమిది బడుల్లో, పనిదినాల్లో మూడున్నరకు, ఆమె తన తొమ్మిదో గడిని చదివి వినిపించాలి. బడి గేటుకి ఆమె ముఖంతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. (ఆమె ముఖానికి కుడివైపూ ఎడమవైపూ ఆరుగురు అధికారుల ముఖాలు ఉన్నాయి. అవి కొంచెం పెద్దవి.) రెండో మెమోలో, అందరి ఫారాలూ ఒకే తీరుగా ఉండాలి గనుక, సినిమాకి ఇకపై అధికారిక ముగింపు ఎర్లిండా రాసినదేనని ప్రకటించారు.

"చూశావా అక్కా" అంది రొవేనా కాగితం ఊపుతూ. "నా టీచరుని బతికించమని నోటీసు. శుక్రవారంలోపు. తినని అన్నం కూడా సరిచేయాలేమో."

ఎర్లిండా డాక్టర్ ఇలాగన్‌కి ఫోను చేసింది.

"సర్, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. మూడున్నరకి నా దగ్గర ఒక పిల్ల ఉంటుంది. ఇంకా చదవడం రాలేదు."

"మేడం, అలాంటి పిల్లలకోసమే కదా మనం ఇదంతా చేస్తున్నది" అన్నారాయన. గొంతులో నిజంగానే తడి ఉంది.

పరీక్ష శుక్రవారం జరిగింది. పరీక్షాధికారి కూడా డాక్టర్ ఇలాగనే, అటునుంచి అటే ఎర్లిండాని నాలుగోబడికి తీసుకెళ్ళడానికి వీలుగా. క్లాసుటీచరు గుమ్మం బయట నిలబడాలన్నది నియమం. ఆమె నిలబడింది. అట్టముక్క ఆమె సంచిలో, ప్రసంగం కాగితాల మధ్య ఉంది.

లిజెల్ ముందు పుస్తకం తెరిచారు. బొమ్మలో నది, పడవ, నవ్వుతున్న పిల్లలు. కింద అచ్చులో, "ఈ రోజు పడవ రాలేదు. పిల్లలు ఇంటికి వెళ్ళిపోయారు." లిజెల్ బొమ్మమీద అరచెయ్యి పెట్టింది. పెదవులు కదిలాయి. "ఈ... రోజు..." అంది. ఆగిపోయింది.

"త్వరగా తల్లీ. మీ మేడంకి ప్రోగ్రాం టైమవుతోంది" అన్నారు డాక్టర్ ఇలాగన్, ఫారంలో తేదీ వేస్తూ.

లిజెల్ గుమ్మంవైపు చూసింది. ఎర్లిండా కూడా ఆమెవైపే చూస్తోంది. పిల్ల బొమ్మమీదనుంచి చెయ్యి మెల్లగా తీసేసింది.

"ఈ రోజు పడవ వచ్చింది" అంది, గొంతు సవరించుకుని. "పిల్లలందరూ పడవెక్కి బడికి వెళ్ళారు. మేడం ఒడ్డున నిలబడి ఉంది. మేడం చాలా సంతోషించింది."

డాక్టర్ ఇలాగన్ రాయడం ఆపి చప్పట్లు కొట్టారు. కిటికీ దగ్గర నిలబడ్డ తల్లి ముఖం తుడుచుకుంది. చేతికి ఉన్న పొలుసులు చెంపకి అంటుకున్నాయి. "ఇంక యార్డు మాట ఎత్తను మేడం, ఒట్టు" అంది.

ఎర్లిండా ఏదో చెప్పబోయి నోరు సగం తెరిచింది. గేటు దగ్గర కారు హారను కొట్టింది.

అభిప్రాయం గడిలో పరీక్షాధికారి ఇలా రాశారు: "పాప చాలావరకు అక్షరాలవైపు చూడకుండానే ధారాళంగా చదువుతోంది. టీచరు శిక్షణ స్పష్టంగా కనబడుతోంది."